జమాకు లేని తర్తీబ్ జర్బ్‌కు ఉంది

ఉర్దూ మీడియంలో లెక్కలు నేర్చుకున్నవాళ్లకు నాలుగు మాటలు ఎప్పటికీ నాలుక మీదే ఉంటాయి. జమా, తఫ్రీఖ్, జర్బ్, తఖ్సీమ్. తెలుగు బడిలో వాటినే కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం అన్నారు. డిగ్రీలో తెలుగు తీసుకున్నాక నేను ఈ రెండు వరసల్నీ పక్కపక్కన పెట్టుకుని చూసుకునేవాణ్ని. గుణకారంలో గుణం కనిపిస్తుంది. జర్బ్‌లో మాత్రం దెబ్బ వినిపిస్తుంది. ఉర్దూలో జర్బ్ అంటే దెబ్బే మరి. టంకసాలలో నాణెం మీద ముద్ర కొట్టడమూ జర్బే. ఇక జమా అంటే పోగవడం. మన జమాఖర్చులో ఉన్నదీ, జమాత్‌లో ఉన్నదీ ఆ పోగవడమే.

ఈ రెండు మాటల్లో రియాజీకి సంబంధించిన పెద్ద సంగతి ఒకటి దాగి ఉంది. పదిమంది పోగైనచోట ఎవరు ముందొచ్చారు, ఎవరు వెనకొచ్చారు అన్నది మొత్తాన్ని మార్చదు. సఫ్‌లో ఐదుగురి తర్వాత ముగ్గురొచ్చినా, ముగ్గురి తర్వాత ఐదుగురొచ్చినా ఎనిమిది మందే. దెబ్బ సంగతి అలా కాదు. కొట్టినవాడూ పడ్డవాడూ చోట్లు మార్చుకుంటే కథే మారిపోతుంది.

"మరి మూడైదులూ పదిహేనే, అయిదు మూళ్లూ పదిహేనే కదా" అంటారు మీరు. నిజమే. మనం బడిలో చదివిన అంకెలన్నీ అంత మర్యాదస్తులు. వాటి జర్బ్‌లో ముందూ వెనకా పట్టింపు లేదు. దీన్నే తెలుగు లెక్కల పుస్తకంలో స్థిత్యంతర ధర్మం అన్నారు. అంకెల్ని దాటి కాస్త బయటికి వెళ్తే ఈ మర్యాద అందరికీ లేదని తెలుస్తుంది. అక్కడ జర్బ్ తన అసలు అర్థానికి తిరిగి వస్తుంది.

నాకు ఇదంతా చెప్పింది మా పెద్దమ్మాయి. బీఎస్సీ మ్యాథ్స్ చదివేటప్పుడు ఒకరోజు "అబ్బా, రింగ్‌ను ఉర్దూలో ఏమంటారు?" అని అడిగింది. హల్ఖా అన్నాను. తెలుగులో వలయం. పేపరువాళ్లం మేం అసెంబ్లీ నియోజకవర్గాన్ని కూడా హల్ఖా అనే అంటాం, ఉర్దూలో రాసేటప్పుడు. ఆమె చెప్పిన హల్ఖా వేరు. కొన్ని వస్తువులు ఉంటాయి. అవి అంకెలే కానక్కర్లేదు. వాటి మధ్య జమా ఉంటుంది, జర్బ్ ఉంటుంది. జమాలో ముందూ వెనకా లేదు. సిఫర్ ఉంటుంది. కలిపినదాన్ని తీసేయవచ్చు. జర్బ్ జమా మీద పంచుకుంటుంది, అంటే ఏను బీ ప్లస్ సీతో గుణిస్తే ఏబీ ప్లస్ ఏసీ వస్తుంది. కుడివైపు నుంచి గుణించినా అలాగే పంచుకోవాలి. మూడింటిని వరసగా గుణించేటప్పుడు మొదటి రెండింటిని ముందు కలిపినా, చివరి రెండింటిని ముందు కలిపినా ఫలితం ఒకటే. ఇంతే హల్ఖా. ఏబీ, బీఏ సమానం కావాలన్న షరతు ఇందులో ఎక్కడా లేదు.

కొన్ని హల్ఖాల్లో ఒక ప్రత్యేకమైన సభ్యుడు ఉంటాడు. తనతో ఎవర్ని గుణించినా, ఎటు నుంచి గుణించినా, వాళ్లు వాళ్లలాగే మిగులుతారు. అంకెల్లో అది 1. ఇంగ్లీషు పుస్తకంలో దాన్ని ఐడెంటిటీ అన్నారు. ఐడెంటిటీ అనగానే మన ఇళ్లల్లో ఆధార్ కార్డు, ఓటరు కార్డు, వాటిలో తప్పు పడిన స్పెల్లింగులు గుర్తొస్తాయి. ఈ ఐడెంటిటీ ఎవర్నీ ఏమీ అడగదు. ఎవర్నీ మార్చదు.

మా అమ్మాయి నాకు మొట్టమొదట చూపించిన తమాషా ఈ 1 గురించే. జమాలో ముందూ వెనకా ఉండకూడదని మనం షరతు పెట్టకపోయినా, హల్ఖాలో 1 ఉంటే చాలు, ఆ షరతు తనంతట తానే వచ్చేస్తుందట. కాగితం మీద రాసి చూపించింది. 1 ప్లస్ 1 ని ఏ ప్లస్ బీతో గుణించు. ఒకలా పంచితే ఏ, బీ, ఏ, బీ అన్న వరస వస్తుంది. ఇంకోలా పంచితే ఏ, ఏ, బీ, బీ అన్న వరస వస్తుంది. రెండూ సమానమే కావాలి. ఎడమ చివరి ఏను, కుడి చివరి బీని రెండు వైపులా తీసేయ్. మధ్యలో మిగిలేది ఒకవైపు బీ ప్లస్ ఏ, మరోవైపు ఏ ప్లస్ బీ. అంటే అవి రెండూ ఒకటే. ఎవర్నీ మార్చని ఆ ఒక్క ఐడెంటిటీ ఉన్నచోట అందరూ ఏ వరసలోనైనా పోగవ్వాల్సిందే. జర్బ్ మాత్రం తన తర్తీబ్‌ను తాను నిలబెట్టుకోవచ్చు.

ఇప్పుడు అలాంటి హల్ఖాలు కొన్ని చూద్దాం. ఇంటర్మీడియట్‌లో ఎంపీసీ చదివిన ప్రతి పిల్లకూ తెలిసినవి మాత్రికలు. రెండు వరసలు, రెండు నిలువులు, నాలుగు అంకెలు. ఏ అనే మాత్రికలో పైవరస 0, 1. కింది వరస 0, 0. బీ అనే మాత్రికలో పైవరస 0, 0. కింది వరస 1, 0. ఏను బీతో గుణిస్తే పైన ఎడమ మూలలో 1 నిలుస్తుంది, మిగతావన్నీ సిఫర్. బీని ఏతో గుణిస్తే 1 కింద కుడి మూలకు దిగిపోతుంది. అవే రెండు మాత్రికలు, వరస మారింది, 1 ఈ మూల నుంచి ఆ మూలకు వెళ్లిపోయింది. ఈ హల్ఖాలో ఐడెంటిటీ ఎవరంటే ఆ రెండు మూలల్లోనూ 1 ఉండి మిగతా రెండు చోట్లా సిఫర్ ఉన్న మాత్రిక. ఏబీకి బీఏను జమా చేస్తే వచ్చేది సరిగ్గా అదే. 1858లో ఆర్థర్ కేలీ మాత్రికల మీద రాసిన పత్రంతో ఇది ఒక శాస్త్రంగా నిలబడింది.

ఇక్కడ మనందరికీ బట్టీ వచ్చిన ఫార్ములా ఒకటి చెల్లకుండా పోతుంది. ఏ ప్లస్ బీ హోల్ స్క్వేర్ ఈజ్ ఈక్వల్ టు ఏ స్క్వేర్ ప్లస్ టూ ఏబీ ప్లస్ బీ స్క్వేర్. ఆ "టూ ఏబీ" ఎక్కడిది? ఏబీ, బీఏ రెండూ ఒకటేనని ధీమాగా కలిపేస్తే వచ్చింది. పై మాత్రికలతో చేసి చూడండి. ఏ స్క్వేర్ సిఫర్, బీ స్క్వేర్ సిఫర్. ఏ ప్లస్ బీ హోల్ స్క్వేర్ ఐడెంటిటీ అవుతుంది. టూ ఏబీ మాత్రం ఒక మూలలో 2 పెట్టుకుని ఊరుకుంటుంది.

ఇలాంటి హల్ఖాకు కనీసం ఎంతమంది సభ్యులు ఉండాలి? ఐడెంటిటీ ఉండి, జర్బ్‌లో తర్తీబ్ పట్టింపు కూడా ఉండాలంటే కనీసం 8 మంది కావాలి. అంతకన్నా చిన్న హల్ఖాలో 1 ఉంటే అందరూ ముందూ వెనకా పట్టించుకోనివాళ్లే. ఆ 8 మందీ ఎవరో చెప్పడం కష్టమేం కాదు. సరి, బేసి లెక్క తీసుకోండి. సరికి 0, బేసికి 1. బేసీ బేసీ కలిస్తే సరి, కాబట్టి 1 ప్లస్ 1 సిఫర్. ఈ రెండు అంకెలతోనే మాత్రికలు రాయండి. కింద ఎడమ మూలలో ఎప్పుడూ సిఫరే పెట్టండి. మిగిలిన మూడు చోట్లలో ఒక్కోదానికి రెండేసి అవకాశాలు. రెండు రెళ్లు నాలుగు, నాలుగు రెళ్లు ఎనిమిది.

లెక్కలంటే భయపడేవాళ్లకు అక్షరాలతో చేసిన హల్ఖా ఉంది. అక్షరాన్ని అక్షరం పక్కన పెట్టడమే అక్కడ జర్బ్. త పక్కన ల పెడితే తల. ల పక్కన త పెడితే లత. ఒకటి మెడ మీద ఉంటుంది, ఇంకోటి పందిరి మీద పాకుతుంది. ఉర్దూలో దాల్ పక్కన రే రాస్తే దర్, అంటే గుమ్మం. రే పక్కన దాల్ రాస్తే రద్. తెలుగులోకి వచ్చి అది రద్దు అయింది. గుమ్మానికీ రద్దుకూ తేడా అవే రెండు అక్షరాల తర్తీబ్. ఇలా అక్షరాల్ని గుణించుకుంటూ, వచ్చిన మాటల్ని ముందు అంకెలు పెట్టి జమా చేసుకుంటూ పోతే పూర్తి హల్ఖా తయారవుతుంది. అందులో ఐడెంటిటీ ఏమిటో తెలుసా? ఖాళీ మాట. ఏ అక్షరమూ లేని మాటను ఏ మాట పక్కన పెట్టినా ఆ మాట మారదు.

ఇప్పుడు చేతిలోకి ఒక పుస్తకం తీసుకోండి. అట్ట పైకి ఉండేలా, పుస్తకం తల మీకు అవతలివైపు ఉండేలా బల్ల మీద పెట్టండి. గడియారం ముల్లు తిరిగే వైపు పావు చుట్టు తిప్పండి. తర్వాత ఎడమ అంచు పట్టుకుని కుడివైపుకు బోర్లించండి. పుస్తకం తల ఇప్పుడు మీ ఎడమ చేతివైపు ఉంటుంది. మళ్లీ మొదటికి తెచ్చి, ఈసారి ముందు బోర్లించి తర్వాత పావు చుట్టు తిప్పండి. తల కుడి చేతివైపు ఉంటుంది. రెండు పనులూ అవే.

ఈ తిప్పుళ్ల లెక్కకు సరిపోయే హల్ఖాను కనిపెట్టింది ఐర్లండ్‌కు చెందిన విలియం రోవన్ హామిల్టన్. మూడేసి అంకెల గుంపుల్ని ఎలా గుణించాలా అని ఆయన ఏళ్ల తరబడి తన్నుకులాడాడు. పొద్దున్నే టిఫిన్ దగ్గర కొడుకులు కూడా అదే అడిగేవారట, వాటిని గుణించడం వచ్చిందా నాన్నా అని. కూడడం, తీసేయడమే వచ్చని ఆయన తల అడ్డంగా ఊపేవాడట. 1843 అక్టోబర్ 16న భార్యతో కలిసి డబ్లిన్‌లో రాయల్ కెనాల్ గట్టున నడుస్తుండగా దారి దొరికింది. మూడు కాదు, నాలుగు కావాలి. ఇంకా, జర్బ్‌లో ముందూ వెనకా ఒకటేనన్న పట్టు వదిలేయాలి. ఐ, జే, కే అని మూడు కొత్త అంకెలు. ఐని జేతో గుణిస్తే కే. జేని ఐతో గుణిస్తే మైనస్ కే. అక్కడి బ్రూమ్ వంతెన రాతి మీద కత్తితో ఆ సూత్రాన్ని చెక్కేశాడు. వీటి పేరు క్వాటర్నియన్లు. ఇవాళ వీడియో గేముల్లో బొమ్మల్ని తిప్పడానికీ, అంతరిక్షంలో నౌక ఎటు చూస్తోందో లెక్కగట్టడానికీ అవి పనికొస్తున్నాయి.

ఇంత పట్టింపు ఉన్న హల్ఖాలో కూడా అందరితో సర్దుకుపోయేవాళ్లు కొందరుంటారు. ఎవరి ముందు నిలబడినా వెనక నిలబడినా ఫలితం మారదు. వాళ్ల గుంపుకు సెంటర్ అని పేరు. మర్కజ్ అన్నమాట. క్వాటర్నియన్లలో మర్కజ్ మన మామూలు అంకెలు. మాత్రికల్లో ఐడెంటిటీని ఏదో ఒక అంకెతో హెచ్చించినవే మర్కజ్‌లో ఉంటాయి. 1 ఎప్పుడూ మర్కజ్‌లోనే.

ఈ తర్తీబ్ సంగతి మా ఇంట్లో పుస్తకం దాటి బయటికొచ్చిన రోజు ఒకటుంది. అమ్మాయి బీఎస్సీ అవుతుండగా మా ఆపా ఒక రిష్తా తెచ్చింది. అబ్బాయి ఇంజనీరు, రియాద్‌లో ఉద్యోగం, మంచి ఖాందాన్. మా అమ్మాయికేమో వేరే ఊళ్లో యూనివర్సిటీలో ఎమ్మెస్సీ సీటు వచ్చేలా ఉంది.

"నికాహ్ చేసేయ్. తర్వాత చదువుకుంటుంది. నేనేం చదువు వద్దన్నానా? రెండూ కావాల్సినవే. ముందూ వెనకా అయితే క్యా ఫరఖ్ పడ్తా?" అంది ఆపా.

వెల్లుల్లి ఒలుస్తూ కూర్చున్న అమ్మాయి తలెత్తకుండానే అంది. "ఫరఖ్ పడుతుంది ఫుప్పూ. ఏబీ, బీఏ ఒకటి కాదు."

"బీఏ ఎవరు చేస్తున్నారే? నువ్వు ఎమ్మెస్సీ అన్నావు కదా?"

అందరం నవ్వాం. నవ్వు ఆగాక అమ్మాయి అడిగింది. "ఫుప్పూ, ఖట్టీ దాల్‌కు బగార్ ఎప్పుడేస్తారు?"

"పప్పు ఉడికాక, చివర్న."

"బగారా అన్నానికి?"

"ముందు. బగార్ వేసి, నీళ్లు పోసి, అప్పుడు బియ్యం."

"రెండింట్లోనూ బగార్ ఉంది, ఉడికించడం ఉంది. ముందూ వెనకా అయితే ఏం ఫరఖ్?"

ఆపా ఏమీ అనలేదు. ఆమె పదో తరగతి పాసైన ఏడాదే నికాహ్ అయింది. తర్వాత చదువుకోవచ్చని అప్పుడు పెద్దలు చెప్పిన మాట నాకు తెలుసు. ఆమె ఇంటర్ పుస్తకాలు కొనడం వరకూ కూడా రాలేదు. తర్వాత అన్నది ఒక తేదీ కాదని మన ఇళ్లల్లో ఆడవాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

చదువునూ నికాహ్‌నూ మన పెద్దలు జమా అనుకుంటారు. ఒకటి వేసి ఇంకోటి వేసినా, అటుదిటు వేసినా మొత్తం అంతే వస్తుందని. కానీ ఆ రెండూ ఒకదాన్నొకటి మార్చే పనులు. నికాహ్ అయ్యాక చదువు జరిగే ఇల్లు వేరు, గంటలు వేరు, ఇజాజత్ ఇచ్చే మనిషి వేరు. చదువు అయ్యాక జరిగే నికాహ్‌లో కూర్చునే అమ్మాయి వేరు. ఫలానా తర్తీబే మంచిదని నేను అందరికీ ఫత్వా ఇవ్వడం లేదు. దాల్ మంచిదే, బగారా అన్నమూ మంచిదే. రెండూ ఒకటేనని చెప్పి పిల్లను ఒప్పించడమే ఇన్సాఫ్ కాదు.

రెండేళ్లు ఆగమని కబురు పంపాం. అబ్బాయివాళ్లు ఆగలేదు. ఆ రిష్తా పోయింది. ఆపా నెలరోజులు నాకు ఫోన్ చేయలేదు. అమ్మాయి ఎమ్మెస్సీలో చేరింది.

బంధువుల్లో ఇప్పటికీ ఒక సవాల్ నడుస్తూనే ఉంటుంది. ఈ చదువుకు ఫాయిదా ఏమిటి? మన జల్సాల్లో తొమ్మిదో శతాబ్దపు బగ్దాద్ గురించి చెబుతాం. ముహమ్మద్ ఇబ్న్ మూసా అల్ ఖ్వారిజ్మీ కితాబ్ పేరులోని అల్ జబ్ర్ నుంచే అల్‌జబ్రా వచ్చిందని చెబుతాం, తప్పట్లు కొడతాం. ఆ జబ్ర్ అంటే విరిగినదాన్ని అతికించడం, ఎముక సరిచేయడం. మన వాడుకలో అది బలవంతం అయిపోయింది. ఖ్వారిజ్మీ పేరుకు తప్పట్లు కొట్టి, ఇంట్లో ఆడపిల్ల అల్‌జబ్రా చదువుతానంటే క్యా ఫాయిదా అనడం ఏం తర్తీబ్?

హల్ఖాల శాస్త్రానికి ఇవాళ ఉన్న రూపం ఇచ్చినవాళ్లలో ముఖ్యురాలు ఒక ఆడమనిషే. ఎమ్మీ నోథర్. 1915లో జర్మనీలోని గోటింగెన్ యూనివర్సిటీకి ఆమెను పిలిచారు. ఆడది కాబట్టి తన పేరుతో పాఠం చెప్పే హక్కు 1919 దాకా ఇవ్వలేదు. అప్పటిదాకా డేవిడ్ హిల్బర్ట్ పేరు మీద ప్రకటించిన క్లాసుల్లో పాఠాలు చెప్పింది, జీతం లేకుండా. 1921లో హల్ఖాల మీద ఆమె రాసిన పత్రం తర్వాత అల్‌జబ్రా చదివే తీరే మారింది. ఆ తర్వాతి ఏళ్లలో ఆమె పట్టుబట్టి పనిచేసింది ఏబీ, బీఏ ఒకటి కాని అల్‌జబ్రా మీదే. 1933లో నాజీలు వచ్చాక యూదురాలన్న కారణంతో ఆమెను పాఠం చెప్పకుండా ఆపేశారు. అమెరికా వెళ్లింది. 1935లో చనిపోయింది. తన హల్ఖాల్లో ఐడెంటిటీ ఎవర్నీ ఏమీ అడగని సభ్యుడు. ఆమె ఊళ్లో మాత్రం ఐడెంటిటీయే అడిగి బయటికి పంపారు.

అదే గోటింగెన్‌లో 1925లో ఇంకో సంగతి జరిగింది. వెర్నర్ హైజెన్‌బర్గ్ అణువు లోపలి లెక్కలు చేస్తుంటే జర్బ్‌లో ముందూ వెనకా తేడా వస్తోంది. అతను కంగారుపడ్డాడు. అతని పెద్దాయన మాక్స్ బోర్న్ చూసి, ఇవి మాత్రికలు కదా అని గుర్తుపట్టాడు. కణం ఉన్న చోటునూ దాని వేగపు జోరునూ ఒక వరసలో గుణించి, తిరగేసి గుణించి, తీసేస్తే సిఫర్ రాదు. ఆ సూత్రాన్ని బోర్న్ సమాధి రాతి మీద చెక్కారు.

దాని చిన్న రూపం ఇంటర్ పిల్లలు కూడా చేయగలరు. రెండు పనులు పెట్టుకోండి. ఒకటి ఎక్స్‌తో గుణించడం. రెండోది డిఫరెన్షియేట్ చేయడం. ఎక్స్ స్క్వేర్ తీసుకోండి. ముందు ఎక్స్‌తో గుణిస్తే ఎక్స్ క్యూబ్, తర్వాత డిఫరెన్షియేట్ చేస్తే 3 ఎక్స్ స్క్వేర్. వరస తిప్పండి. ముందు డిఫరెన్షియేట్ చేస్తే 2 ఎక్స్, తర్వాత ఎక్స్‌తో గుణిస్తే 2 ఎక్స్ స్క్వేర్. మూడులోంచి రెండు పోతే మిగిలింది ఎక్స్ స్క్వేర్, అంటే మీరు మొదట తీసుకున్నదే. ఎక్స్ స్క్వేర్ బదులు ఏది తీసుకున్నా అంతే. ఈ రెండు పనుల హల్ఖాలో రెండు తర్తీబుల మధ్య తేడా సరిగ్గా ఐడెంటిటీ.

ఇలా ఒకదాని మీద ఒకటి జరిగే పనుల్ని రాసేటప్పుడు ముందు జరిగేదాన్ని కుడివైపు రాస్తారు, తర్వాతదాన్ని దాని ఎడమన. అంటే కుడి నుంచి ఎడమకు చదవాలి. క్లాసులో మిగతా పిల్లలు దీంతో తికమకపడుతుంటే మా అమ్మాయి నవ్వుకుందట. చిన్నప్పుడు దాదీ దగ్గర అలిఫ్ బే చదివింది కదా.

నా సంగతీ అదే హల్ఖా. ముందు ఉర్దూ చదివి తర్వాత తెలుగు చదివాను. అందుకే పోతన పద్యంలో యతి కుదిరినచోట నాకు గజల్‌లో ఖాఫియా కుదిరినట్టు ఉంటుంది. ముందు తెలుగు చదివి తర్వాత ఉర్దూ నేర్చుకున్న దోస్తు ఒకడున్నాడు. వాడికి గజల్ వింటే పద్యం గుర్తొస్తుంది. ఇద్దరికీ రెండు భాషలే. డెస్క్‌లో పక్కపక్కనే కూర్చుని ఒకే వార్త రాస్తే రెండు రకాలుగా వస్తుంది.

మా చిన్నాడు ఎనిమిదో తరగతి. ఏ ప్లస్ బీ హోల్ స్క్వేర్ ఇప్పుడు వాడి వంతు. వాళ్ల బాజీ ఫోన్‌లో చెప్పిందని మధ్యలో ఒక లైను ఎక్కువ రాస్తున్నాడు, ఏబీ ప్లస్ బీఏ అని. దాని కింద టూ ఏబీ. ఈ లైను ఎందుకురా అని మాస్టారు అడిగారట. "ఇక్కడ రెండూ ఒకటే అని చూసుకున్నాకే కలిపాను సార్" అన్నాడట.